స్తోత్రం లేని కీర్తన

అతను టీ గ్లాసులోకి రొట్టె తుంచి వేస్తున్నాడు. గట్టిగా ఉండే అంచులు విడిగా తీసి తన పళ్లెంలో పెట్టుకుంటున్నాడు. అత్తగారికి పళ్లు లేవు, చూపు కూడా దాదాపు లేదు. ముక్క ఎంతసేపు నానాలో, చెంచా ఏ వైపు పెడితే ఆవిడ చేతికి తగులుతుందో అతనికి తెలుసు. భార్య ఒక ఆసుపత్రి వంటగదిలో పని చేస్తుంది, తెల్లారకముందే వెళ్లిపోతుంది. అందుకని పొద్దుటి టీ అల్లుడి చేతి మీదుగానే.

ఇంకో ముక్క తుంచబోతుండగా చెయ్యి ఆగిపోయింది. రొట్టె చేతిలోనే ఉంది, గ్లాసు ఎదురుగానే ఉంది. ఆ రెంటికీ మధ్యనున్న జానెడు దూరం దాటడం తన వల్ల కాదనిపించింది.

మళ్లీ వచ్చింది అనుకున్నాడు. రెండు వారాలుగా రోజూ పొద్దున అనుకుంటున్న మాటే.

"ఏమయ్యా అల్లుడూ, టీ నన్ను చూసి జడుసుకుందా? ఇటు రావటం లేదు" అంది అత్తగారు మంచం మీంచి.

నవ్వు లాంటి చప్పుడొకటి చేసి గ్లాసు అందించాడు.

ఇంటికీ ఇస్త్రీ కొట్టుకీ మధ్య పెద్ద రోడ్డు ఉంది. ఒకప్పుడు దాన్ని దాటుతున్నట్టే తెలిసేది కాదు. ఇప్పుడు గోడకు అరచెయ్యి ఆనించి, ఆ గరుకును వదలకుండా నడుస్తాడు. లారీ వస్తున్న చప్పుడు వినబడితే గోడవైపు తిరిగి నిలబడతాడు. లారీ తనను ఏదో చేస్తుందని కాదు. తన కాళ్ల మీద తనకు నమ్మకం పోయింది. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. ఎవరైనా ముసలామె దాటుతుంటే ఆమె వెనకే, సాయం చేస్తున్నవాడిలా దాటతాడు.

కొట్టు తెరిచి, బల్ల మీద మడతలు వేసిన దుప్పటి పరిచి, ఇస్త్రీపెట్టె ప్లగ్గు పెట్టాడు. ఇరవయ్యేళ్లు దాటింది ఈ బల్ల ముందు నిలబడబట్టి. ఎవరి పొట్ట పెరిగిందో, ఎవరు చిక్కిపోయారో, ఎవరింట్లో గుండీలు కుట్టే మనిషి లేకుండా పోయిందో బట్టలే చెబుతాయి. బట్టలు ఇచ్చేవాళ్లు మాత్రం అతని మొహం చూసేది తక్కువ. "బాబాయ్, సాయంత్రానికి కావాలి" అని వెళ్లిపోతారు. అలా ఉండడం అతనికి ఇష్టమే.

నిరుడు జబ్బు చేసినప్పుడు దానికి ఒక కారణం ఉంటే బాగుండును అనుకున్నాడు. అప్పుల్లేవు, ఇంట్లో గొడవల్లేవు. ఉన్నట్టుండి తిండి సయించలేదు, నిద్ర పట్టలేదు, మంచం దిగబుద్ధి కాలేదు. భార్య డాక్టరు దగ్గరికి తీసుకెళ్లింది. పాస్టరుగారు వారం వారం వచ్చి, పెద్దగా మాట్లాడకుండా పక్కన కూర్చుని ప్రార్థన చేసి వెళ్లేవారు. అత్తగారేమో, నాకు కళ్లు లేవు, నీకు పని లేదు, బైబిల్లోంచి రోజుకో కీర్తన చదివి పెట్టమంది. మొదట్లో అక్షరాలు ఈదుతున్నట్టుండేవి. చదవగా చదవగా, తను పైకి చెప్పుకోలేనిది ఎవరో ముందే చెప్పి పెట్టారనిపించింది. కొన్ని నెలలకు బరువు దిగింది. కొట్టు తెరిచాడు.

అక్కడితో ఊరుకుంటే పోయేది. ఒక ఆదివారం ప్రార్థన మందిరంలో అందరి ముందూ సాక్ష్యం చెప్పడానికి లేచాడు. దేవుడు తనను బాగుచేశాడన్నాడు. అది నిజమే. తర్వాత జేబులోంచి మాత్రల అట్ట తీసి పైకెత్తి, ఇక వీటితో పని లేదన్నాడు. ఆ మాట అనమని ఎవరూ అడగలేదు. సంతోషంలో నోటికి వచ్చేసింది. మందిరమంతా స్తోత్రం స్తోత్రం అంది, భార్య ఏడ్చింది. బయటికి వస్తుంటే పాస్టరుగారు చెయ్యి పట్టుకుని, డాక్టరు మానెయ్యమన్నారా అని మెల్లగా అడిగారు. అవునన్నట్టు తల ఊపాడు.

ఇప్పుడు లేచి, మళ్లీ వచ్చిందంటే? అబద్ధమాడింది నువ్వా, నీ దేవుడా అని అడుగుతారు. ఆ ప్రశ్న ఎవరూ అడక్కముందే అతను పగలల్లా వింటున్నాడు.

మధ్యాహ్నం టీచరమ్మ వచ్చింది. పిల్లల బడిలో పని చేస్తుంది, ఆ మందిరానికే వస్తుంది. చేతిలో బట్టల సంచి లేదు. వాళ్ల తమ్ముడు వ్యాను డ్రైవరు, నెలల తరబడి మంచం దిగడం లేదట. మందులంటే మూత తియ్యడు, ప్రార్థనంటే దుప్పటి కప్పుకుంటాడు. మీ సాక్ష్యం వింటే లేస్తాడేమో, ఒక్కసారి రండి బాబాయ్ అని బతిమాలింది. కాదనడానికి ఏ సాకూ దొరకలేదు.

వాళ్లిల్లు అతని ఇంటి వెనక వీధిలోనే. కిటికీకి దుప్పటి వేలాడగట్టి ఉంది. మంచం పక్కన అన్నం పళ్లెం, అన్నం మీద ఈగ. డ్రైవరు గోడవైపు తిరిగి పడుకున్నాడు. మెడ మీద జుట్టు చాలా పెరిగిపోయి ఉంది.

అతను నిలబడే చెప్పాడు. నాకూ ఇలాగే ఉండేది తమ్ముడూ, దేవుడు బాగుచేశాడు అన్నాడు. తన గొంతు తనకే రేడియోలోంచి వస్తున్నట్టు వినబడింది.

డ్రైవరు ఇటు తిరగలేదు. "మళ్లీ రాలేదా?" అన్నాడు.

టీచరమ్మ అతని మొహం వైపే చూస్తోంది.

"రాలేదు."

డ్రైవరు, "అందరికీ అలా జరగదులెండి" అని దుప్పటి తల మీదికి లాక్కున్నాడు.

కొట్టుకు తిరిగొచ్చి ఒక చొక్కా కాలరు మీద ఇస్త్రీపెట్టె పెట్టాడు. కమురు వాసన వచ్చాకగానీ దాన్ని ఎత్తలేదు. ఇన్నేళ్లలో ఎవరి బట్టా కాల్చలేదు. గోధుమరంగు మచ్చను చూస్తూ నిలబడ్డాడు. భయం వేసింది, చొక్కా ఇచ్చినాయన గురించి కాదు. ఆ దుప్పటి కింద ఆ కుర్రాడు, అందరూ బాగుపడతారు నేను తప్ప అనుకుంటూ ఉంటాడు. ఆ మాట ఎంత దూరం తీసుకెళ్తుందో అతనికి తెలుసు. ఆ మాట వాడికి అందించి వచ్చింది తనే. పొద్దుండగానే కొట్టు మూసేశాడు.

ఇంటికొచ్చి కాళ్లు కడుక్కుని, అత్తగారి మంచం దగ్గర కూర్చుని, బైబిలు నిన్న ఆపినచోట తెరిచాడు. వరసలో వచ్చిన కీర్తన అది. ఎవరో రాత్రీ పగలూ మొరపెట్టుకుంటున్నాడు. సమాధి అంచున ఉన్నానంటాడు, నా మొర ఎందుకు వినవంటాడు, ఆప్తులంతా దూరమయ్యారంటాడు. చివరి మాట దగ్గరికొచ్చేసరికి ఆ మనిషికి చీకటే మిగిలింది. అతను పేజీ తిప్పాడు. తర్వాతది వేరే కీర్తన. మళ్లీ వెనక్కి తిప్పాడు.

"వెతక్కు నాయనా, అక్కడ ఇంకేం లేదు" అంది అత్తగారు. "కళ్లున్న రోజుల్లో నేనూ వెతికాను. ఆఖర్న ఒక్క స్తోత్రమన్నా ఉంటుందేమోనని."

"లేదా?"

"లేదు. ఆ మనిషి మన మందిరంలో సాక్ష్యానికి లేస్తే మైకు లాగేసుకునేవాళ్లు. అయినా ఆ మాటలు పుస్తకంలో ఉంచారు. ఎవరూ చింపెయ్యలేదు."

అతను పేజీ మధ్యలో వేలు పెట్టి పుస్తకం మూశాడు.

"నీకు మళ్లీ వచ్చింది కదూ?"

అతను పుస్తకాన్ని మంచం మీద పెట్టాడు.

"స్నానానికి వెళ్తావు, రెండు చెంబులు పోసుకుంటావు, నీళ్ల చప్పుడు ఆగిపోతుంది. తడి ఒంటితో నిలబడిపోతావు. నాకు వినబడదనుకున్నావా?"

అప్పుడు చెప్పాడు. రోడ్డు సంగతి, మాత్రల సంగతి, డ్రైవరు సంగతి. చెబుతున్నంతసేపూ ఆవిడ అతని మణికట్టు పట్టుకుని ఉంది.

"మాత్ర వేసుకుంటే దేవుడేం అలగడు. డాక్టరు ఇప్పుడుంటాడుగా, వెళ్లు. అమ్మాయి వచ్చాక ఇద్దరం కలిసి చెబుదాం."

"మరి నా సాక్ష్యం అత్తయ్యా?"

"ఆదివారం లేచి మళ్లీ వచ్చిందని చెప్పు. చప్పట్లు కొట్టకపోతే పోనీ."

చెప్పులు వేసుకున్నాడు. డాక్టరు దగ్గరికే బయల్దేరాడుగానీ కాళ్లు వెనక వీధిలోకి తిరిగాయి. ఆలస్యమైపోయిందేమోనన్న భయంతో చివర్లో పరుగులాంటి నడక నడిచాడు. టీచరమ్మ తలుపు తీసింది.

డ్రైవరు అలాగే పడుకుని ఉన్నాడు. దుప్పటి లేచి పడుతోంది. అది చూశాక మంచం పట్టె మీద కూలబడ్డాడు.

"మధ్యాహ్నం నీకు అబద్ధం చెప్పాను. మళ్లీ వచ్చింది."

వెనకాల టీచరమ్మ చేతిలో ఏదో గిన్నె చప్పుడైంది.

"దేవుడు వదిలేసినట్టే ఉంది నాకు. వదిలేసినట్టుండటం, వదిలెయ్యటం ఒకటి కాదనుకుంటున్నా. ఇంకా సరిగా తెలియదు. డాక్టరు దగ్గరికి వెళ్తున్నా. మాత్రలు నా అంతట నేనే మానేశానని చెప్పాలి. ఆ పెద్ద రోడ్డు ఒక్కణ్నీ దాటాలంటే భయంగా ఉంది. కాస్త తోడొస్తావా తమ్ముడూ?"

దుప్పటి కదల్లేదు. రాకపోతే ఏం చెయ్యాలో అతను ఆలోచించుకోలేదు.

చాలాసేపటికి దుప్పటి అంచు కిందినుంచి ఒక పాదం నేలను వెతుక్కుంది. తర్వాత రెండోది. డ్రైవరు లేచి, గోడకు ఆనుకుని నిలదొక్కుకుని, మేకుకున్న చొక్కా తీసుకున్నాడు. ఒక గుండీ తప్పి పెట్టుకున్నాడు. అక్క పక్కనుంచే నడిచి, గడప దాటి పెద్ద రోడ్డు వైపు నడిచాడు. అతను కంగారుగా లేచి వెనకే బయల్దేరుతూ ఒక్కసారి మంచం వైపు చూశాడు.

దిండు మీద, ఇన్ని నెలలూ తల ఆనిన చోట, లోతుగా గుంట పడి ఉంది.