చిన్నమ్మి చదివిన కార్డు

నూకరాజు బి.ఎన్.ఆర్. రైలు కంపెనీ వారి బిలాస్‌పూర్ లోకో షెడ్డులో ఫైర్‌మన్. ఎంత మొండి ఇంజనైనా అతని మాట వింటుంది గానీ, అక్షరాలు మాత్రం అతన్ని చూసి ఏనాడూ నోరు విప్పలేదు. అందుకే ఎనిమిదేళ్ల కూతురు చిన్నమ్మి క్వార్టరు అరుగు మీద కూర్చుని వాచకం గడగడా చదువుతుంటే, డ్యూటీకి పోయేవాళ్లని కూడా ఆపి మరీ వినిపించేవాడు.

ఆ మురిపెం మీద నీళ్లు పోసింది పెళ్లాం చిన్నతల్లే. ఒకనాడు పిల్ల చదువుతుండగా రెండు పేజీలు ఒక్కసారే తిప్పేసింది. పిల్ల గొంతు ఆగలేదు. దాటేసిన పేజీ కూడా పొల్లుపోకుండా ఒప్పజెప్పేసింది.

"ఇది సదువు కాదు మావా, పాట. మూడేళ్లు బడికెల్లి నేర్సింది ఇదేటి? రేపట్నుంచి ఇంటికాడుంటే గుంటడ్నైనా ఎత్తుకుంటాది," అంది.

చంటివాడికి ఎనిమిదో నెల. ఇంటిపని, వాడిపని ఆమె ఒక్కర్తే ఎన్నని చూస్తుంది? మాట సబబే. కానీ నూకరాజుకు మనసొప్పలేదు. తనలాగే పిల్ల కూడా కాగితం పట్టుకుని ఒకరి గుమ్మంలో నిలబడాలా?

"అచ్ఛా, ఆదివారం నాను సూత్తాను. సదవనేకపోతే నీ ఇట్టం," అన్నాడు.

చదువు రానివాడు చదువుని ఎలా తూచాలి? అతని దగ్గర ఒక్కటే దారి ఉంది. ట్రంకు పెట్టెలో తొమ్మిదేళ్ల నాటి పోస్టుకార్డు. అమ్మ పల్లెలో ఎవరిచేతో రాయించి పంపింది. బుకింగ్ క్లర్కు జగన్నాథంగారు బండి వేళయిందని కంగారుపడుతూనే రెండుసార్లు చదివి వినిపించారు. ఆ ఏడే అమ్మ పోయింది. అందులో ప్రతి ముక్కా నూకరాజుకు కంఠతా వచ్చు. ఇంట్లో ఇంకెవరికీ తెలీదు.

ఆదివారం మధ్యాహ్నం మంచం మీద కూర్చుని, కింద కూర్చున్న పిల్ల చేతికి కార్డిచ్చాడు.

చిన్నమ్మి గడగడా మొదలెట్టలేదు. నీళ్లు నమిలింది. "చి... రం... జీవి నూక... రాజుకు..." అని ఆగింది.

"సదవేత్తే ఉన్నమతి పోయిందంట," అని గుమ్మంలోంచి చిన్నతల్లి సణిగింది.

నూకరాజు మాత్రం ముందుకు వంగాడు. పిల్ల వేలు ఒక్కో అక్షరం దగ్గరా ఆగి ఆగి కదులుతోంది. "ఇచ్చట... వానలు... లేవు. ఎర్రావు... ఈనినది." అవే మాటలు! తను కడుపులో దాచుకున్న మాటల్ని ఈ పిడికెడు పిల్ల కాగితంలోంచి ఏరి తీస్తోంది! పాట పాడేవాళ్లకి తడబాటు ఉండదు, చదివేవాళ్లకే ఉంటుందని అతనికప్పుడు తెలిసింది.

దీవెనల దాకా వచ్చాక, "సాల్లే అమ్మీ, అయిపోనాది," అన్నాడు.

"అవనేదయ్యా," అంటూ పిల్ల కార్డు తిరగేసింది. అడ్రసు పక్కన, అంచు వెంబడి, చీమల బారులా ఇంకో రెండు వరసలున్నాయి. జగన్నాథంగారు హడావిడిలో అటు చూడనే లేదు. నూకరాజు అదీ అడ్రసే అనుకున్నాడు. పిల్ల కార్డుని అడ్డంగా పట్టుకుని, కళ్లు చికిలించి చదివింది.

"నువ్వు... రైలెక్కిన్నాడు... నాను సీపురుపల్లి టేసనుకి... వొచ్చినాను. బండి... కదిలిపోనాది. కిటికీలోన... నీ సెయ్యి... కనబడ్డాది. నాకు కోపం... నేదు నాయినా."

నూకరాజు పొలం వదిలి రైల్వేకి పోతానన్ననాడు, "ఎల్తే నాకు కొడుకే నేడు," అంది అమ్మ. బండి కదిలేదాకా స్టేషను గేటుకేసే చూశాడు. ఆమె రాలేదు. ఆ ముల్లు ఇన్నేళ్లలో పెళ్లానికి కూడా చూపలేదు. ఆ కార్డు వచ్చేనాటికి చిన్నమ్మి పుట్టనే లేదు. అలాంటిది, పోయిన అమ్మ తన యాసతో, తన మాటతో ఈ పిల్ల నోట పలికింది. రెండు వరసల గీతల్లో ఇన్నాళ్లూ ఇంట్లోనే ఉండి పలికింది.

అతను మంచం దిగాడు. కూతుర్ని ఎత్తి మంచం మీద కూర్చోబెట్టి తను నేల మీద కూర్చున్నాడు. చేతులు వాటంతట అవే జోడించుకున్నాయి.

"మల్లీ సదువు తల్లీ."

పిల్ల మళ్లీ మొదట్నుంచి, అంతే తడబడుతూ చదవసాగింది. ఇంతలో చంటివాడు ఏడుపందుకున్నాడు. చిన్నమ్మి అలవాటుగా లేవబోయింది.

"నువ్వుండవే, నాను సూసుకుంటాను," అంటూ చిన్నతల్లి కొంగుతో కళ్లొత్తుకుని, వాణ్ని చంకనేసుకుని పొయ్యి దగ్గరికి నడిచింది. "రేపు బడికి ఆలీసం సెయ్యకు."