సోమరోళ్ళ బొటనేలు

నేను ఒక గులాబీ రంగు బొటనవేలిని. నవ్వకండి. నాకు గోరు లేదు, కణుపు లేదు, చూడ్డానికి సగం అరిగిన సబ్బుముక్కలా ఉంటాను. నడుమ ఒక బెజ్జం, పక్కన ఒక గాడి, అంతే నా అందం. అయినా విజయనగరం అవతల కొండ కింద ఉన్న రైఫిల్ క్లబ్బులో ఎవరినడిగినా నన్ను బొటనవేలనే అంటారు. ఆ పేరు నన్ను వెక్కిరించడానికి పెట్టారు. పెట్టిన మనిషికి చివరికి ఏమైందో చెబుదామనే నోరు విప్పాను.

ముందు నా ఉద్యోగం సంగతి చెప్పాలి. పిస్టల్ పిడిలో దూరే సన్నటి ఇనుప డబ్బాను మేగజైన్ అంటారు. తూటాలు అందులో ఒకదాని మీద ఒకటి కూర్చుంటాయి. అడుగున స్ప్రింగు ఉంటుంది. మొదటి తూటాను ఆ స్ప్రింగు మర్యాదగానే లోపలికి రానిస్తుంది. రెండోదాన్ని చూసి ముఖం చిట్లిస్తుంది. ఆ తర్వాత వచ్చేవాటిని జనరల్ బోగీ తలుపు దగ్గర నిలబడ్డవాళ్ళలా చోటు లేదు పొమ్మని తోసేస్తుంది. దాన్ని బొటనవేలితో అదిమిపట్టి, రెండో చేత్తో తూటా దూర్చాలి. ఒకసారైతే సరదాగానే ఉంటుంది. ఆదివారం పొద్దున్నుంచి ఎండెక్కేదాకా అదే పని చేస్తే, సాయంత్రం చొక్కా గుండీ పెట్టుకోవడానికి ఇంకొకరిని పిలుచుకోవాలి.

ఈ మనుషులున్నారే, గురి తప్పితే గాలిని తిడతారు, కళ్ళజోడును తిడతారు, పక్కవాడి దగ్గును కూడా తిడతారు. వేలు నొప్పెడుతోందని మాత్రం చచ్చినా చెప్పరు. ఆ క్లబ్బులో మరీనూ. ఎందుకంటే అక్కడ సుబేదార్ పైడిరాజు మాస్టారి రాజ్యం. సైన్యంలో పనిచేసి వచ్చిన మనిషి. కొత్తగా చేరినవాళ్ళకి నెలల తరబడి పిస్టల్ పేల్చే యోగం ఉండేది కాదు. మేగజైన్ నింపడం, ఖాళీ చెయ్యడం, మళ్ళీ నింపడం, అదే చదువు. ఆదివారం పొద్దున్నే అందరూ వరసగా నిలబడి బొటనవేళ్ళు ముందుకు చాపాలి. మాస్టారు ఒక్కొక్క వేలూ పట్టుకుని, కాయ కాచిందో లేదో నొక్కి చూసేవారు.

"ఇదేటి, వెన్నముద్దలాగున్నాది? ఇంటికాడ కంచవైనా ఎత్తవేటి?" అనేవారు మెత్తటి వేలు దొరికితే. గట్టి వేలు కనిపిస్తే మాత్రం "ఇదీ ఏలంటే!" అని పదిమందికీ ఎత్తి చూపించేవారు. బ్యాంకు ఆఫీసర్లూ, కాంట్రాక్టర్లూ ఆ ఒక్క మాట కోసం మొహం వాచి ఉండేవారు.

ఆ వరసలోనే డాక్టర్ హైమ కూడా నిలబడేది. ఆమె పళ్ళ డాక్టరు. ఆదివారం మేగజైన్లు నింపిన వేలితో సోమవారం పళ్ళు పీకాలి. ఒక సోమవారం పటకారు జారిపోయి, పేషెంటుతో పాటు డాక్టరు కూడా "అమ్మో" అన్నదట. ఇక లాభం లేదనుకుని, దవడ కొలత తీసుకునే మెత్తటి ముద్దలో ఖాళీ మేగజైన్‌ను అదిమి, ఆ అచ్చు పట్టుకుని కట్టుడు పళ్ళు చేసే గౌరీశు దగ్గరికి వెళ్ళింది.

గౌరీశు అచ్చును అటూ ఇటూ తిప్పి చూసి బెంగపడ్డాడు. "ఇదెవరి దవడండి మేడమ్? ఒక్క పన్నుకీ సోటు నేదేటి పాపం!"

"దవడ కాదు గౌరీశూ, స్ప్రింగున్న డబ్బా. దీని పక్కన చిన్న బొడిపె ఉంది చూడు. దాన్ని కిందికి లాగితే స్ప్రింగు దిగుతుంది. నువ్వు చేసే ముక్క డబ్బాకి తొడుక్కోవాలి, ఆ బొడిపెని గాడిలో పట్టుకోవాలి. మిగతాది అరచెయ్యి చూసుకుంటుంది."

గౌరీశు దగ్గరున్నది చిగుళ్ళ రంగు ప్లాస్టిక్ ఒక్కటే. అందుకే నాకీ రంగు వచ్చింది. నాతోపాటు అదే పూట ఆ బల్ల మీద రెండు పళ్ళసెట్లు కూడా పుట్టాయి. మా వంశంలో నోట్లోకి పోకుండా లోకం చూసినదాన్ని నేనొక్కదాన్నే.

పని మాత్రం నేను బాగా చేసేదాన్ని, చెప్పుకోవడానికి సిగ్గెందుకు? నన్ను తొడిగి అరచేత్తో కిందికి నెడితే చాలు, అంత పొగరుబోతు స్ప్రింగూ తల వంచుకుని దిగిపోయేది. తూటాలు వాటంతటవే జారి సర్దుకునేవి. హైమ నన్ను చేతిరుమాల్లో చుట్టి సంచీ అడుగున దాచుకుని వాడేది. ఎంత దాచినా ఒక ఆదివారం మాస్టారి కంట పడ్డాను.

"ఇదేటి డాక్టరమ్మా? సబ్బుముక్కా?"

హైమ నిజం చెప్పేసింది. మాస్టారు నన్ను పైకెత్తి అందరికీ చూపించి పగలబడి నవ్వారు. "సూడండ్రా, సోమరోళ్ళ బొటనేలు!" అని, తన కుర్చీ పక్క గోడకున్న మేకుకి నన్ను తగిలించారు. సిగ్గుపడి ఇక ఎవరూ ఇలాంటి పని చెయ్యకూడదని ఆయన ఉద్దేశం.

ఎవరూ సిగ్గుపడలేదు. మాస్టారు టీకి వెళ్ళడమే ఆలస్యం, నా కోసం తోసుకునేవారు. అందరికంటే ముందు వచ్చేవాడు కాంట్రాక్టర్ సన్యాసిరావు. తన మేగజైన్లన్నీ నా చేత నింపించుకుని, నన్ను మళ్ళీ మేకుకి తగిలించి, మాస్టారు రాగానే వేలు నోట్లో పెట్టుకుని "ఉఫ్, ఉఫ్" అని ఊదుకునేవాడు. ఆ నటన చూసి నేను ఎన్నిసార్లు మేకు మీద నుంచి జారి పడబోయానో!

అయితే ఆ మేకు మీద నుంచి నేను ఇంకొకటి కూడా చూశాను. మాస్టారు తన మేగజైన్ తాను నింపుకోవడం మానేశారు. "గురువు మేగజైను నింపడవంటే అదురుష్టం ఉండాల" అని రోజుకొకరికి ఇచ్చేవారు. జనం ఆ అదృష్టం కోసం పోటీలు పడేవారు. ఇదేదో సైన్యంలో ఉండే ఆచారం కాబోలు అనుకున్నారు.

ఒక మధ్యాహ్నం అందరూ వెళ్ళిపోయాక, మాస్టారు ఒక్కరే కూర్చుని మేగజైన్ చేతిలోకి తీసుకున్నారు. కుడి బొటనవేలు పెట్టి అదిమారు. మొదటి తూటా వెళ్ళింది. రెండోది సగం దూరేసరికి వేలు వణికి మడత పడింది, తూటా ఎగిరి కింద పడింది. ముసలాయన మోకాళ్ళ మీద కూర్చుని బల్ల కింద వెతుక్కున్నారు. మళ్ళీ అదిమారు. మళ్ళీ పడింది. చివరికి ఆ వాచిన వేలును ఎడమ చేత్తో పట్టుకుని, "ఇన్నాళ్ళూ నా మాట ఇన్నావు గదా, ఇప్పుడేటైపోనాది నీకు?" అని అడిగారు.

అప్పుడు తలెత్తి నావైపు చూశారు. చెయ్యి కూడా లేచింది. తీసుకోండి మాస్టారూ, తీసుకోండి అని నేను మనసులో మొత్తుకుంటున్నాను. ఆయన చెయ్యి దించేసి, కుర్చీ తిప్పి నాకు వీపు పెట్టి కూర్చున్నారు. నాకు ఏడుపొచ్చింది.

విశాఖలో షూటింగ్ పోటీలు దగ్గర పడ్డాయి. ఏటా మాస్టారు దిగే పోటీలవి. అక్కడ ఎవరి మేగజైన్ వాళ్ళే నింపుకోవాలి, అదీ అధికారి 'లోడ్' అన్న తర్వాతే, నిమిషంలోపు. పక్కన అదృష్టవంతులెవరూ ఉండరు. మాస్టారు అందరినీ కూర్చోబెట్టి, ఈ ఏడు తను దిగనని, ఇక పిస్టల్ క్లబ్బుకి అప్పగించేస్తానని చెప్పారు. "కుర్రోళ్ళకి దారివ్వాల గదా" అన్నారు. ఎంత త్యాగమని అందరూ చప్పట్లు కొట్టారు. ఒక మనిషి తనకిష్టమైన పని మానేస్తానంటే చాలు, ఎందుకని అడిగేవాడు ఉండడు గానీ శాలువా కొనేవాడు మాత్రం సిద్ధంగా ఉంటాడు. పోటీల రోజునే విశాఖలో సన్మానమని సన్యాసిరావు ప్రకటించేశాడు.

ఎందుకని అడిగింది హైమ ఒక్కతే. అందరూ వెళ్ళేదాకా ఆగి, మాస్టారి ఎదురుగా స్టూలు లాక్కుని కూర్చుంది.

"మాస్టారూ, మొన్న క్లినిక్కులో పళ్ళసెట్టు తియ్యమంటే ఎడం చెయ్యి పెట్టారేంటి?"

"ఏ సెయ్యైతే నీకేటి?"

"కుడి బొటనవేలు నొక్కలేకపోతోంది. నేను చూశాను. అందుకేగా మానేస్తున్నారు?"

మాస్టారికి కోపం వచ్చింది. "నువ్వు పళ్ళ డాక్టరువి. పళ్ళు సూసుకో."

"పళ్ళ సంగతే అడుగుతున్నాను. ఊడిపోతే కట్టుడు పళ్ళు పెట్టించుకున్నారు, జంతికలు కూడా నములుతున్నారు. అప్పుడు రాని సిగ్గు వేలికెందుకొచ్చింది?"

"నోట్లో ఉన్నది ఎవుడికి కనబడతాది?" అనేశారు మాస్టారు. అన్నాక తన వేలి వంక చూసుకున్నారు. "ఈళ్ళందరి ఏళ్ళూ నొక్కి నొక్కి ఎక్కిరించినోణ్ణమ్మా నాను. నా ఏలే పోనాదని ఏ మొకం పెట్టుకుని సెప్పను? తుపాకీ ఇడిసీసి ఇంటికాడ కూకుంటే ఏటై పోతానో ఆ దేవుడికే తెలవాల."

హైమ లేచి నన్ను మేకు మీద నుంచి తీసి ఆయన చొక్కా జేబులో వేసింది. "పోటీకి మీ పేరు ఇంకా ఉంది. వాడతారో, మళ్ళీ మేకుకే తగిలిస్తారో మీ ఇష్టం" అని వెళ్ళిపోయింది. ఆయన నన్ను జేబులోంచి తియ్యలేదు.

పోటీ రోజున మాస్టారు వచ్చారు. శాలువా కోసమని అందరూ అనుకున్నారు గానీ ఆయన పిస్టల్ పెట్టె పట్టుకుని నేరుగా ఫైరింగ్ లైన్ మీదికి నడిచారు. అధికారి 'లోడ్' అన్నాడు. మాస్టారు ముందు వేలితోనే ప్రయత్నించారు, అంత మొండిఘటం. ఒక తూటా వెళ్ళింది. రెండోది చేజారి బల్ల మీద దొర్లింది. పక్కవాళ్ళ మేగజైన్లు నిండిపోతున్నాయి. ఆయన గుండె చప్పుడు జేబులో నాకు వినబడుతోంది.

అప్పుడు చెయ్యి జేబులోకి వచ్చింది.

నన్ను బయటికి తియ్యగానే వెనకాల నుంచి సన్యాసిరావు గొంతు గట్టిగా వినిపించింది. "మాస్టారండీ, అది సోమరోళ్ళ బొటనేలండీ!" నా సేవలు అందరికంటే ఎక్కువ వాడుకున్న మహానుభావుడు! కొందరు కిసుక్కుమన్నారు. మాస్టారి చెయ్యి ఒక్క క్షణం ఆగింది. వెనక్కి తిరిగి చూడకుండా నన్ను తొడిగి అరచేత్తో నెట్టారు. నా ఒంట్లో ఉన్న బలమంతా ఆ బొడిపె మీద పెట్టాను. తూటాలన్నీ బుద్ధిగా కూర్చున్నాయి. మేగజైన్ పిడిలోకి 'టక్' మని వెళ్ళేసరికి అధికారి ఇంకా గడియారమే చూస్తున్నాడు.

పతకం రాలేదు. నేనేమీ మంత్రదండాన్ని కాను, మేగజైన్ నింపగలను గానీ గురి పెట్టలేను కదా. కానీ లైన్ దిగి వచ్చిన మాస్టారి ముఖం వెలిగిపోతోంది. "మెడలు కొట్టేసిన ఆ అనకాపల్లోడు ఎంట్రుకవాసిలో తప్పించుకున్నాడు. వొచ్చే ఏడు సెప్తాను ఆడి సంగతి!" అన్నారు. శాలువా పట్టుకుని నిలబడ్డ సన్యాసిరావుకి ఏం చెయ్యాలో తెలియలేదు. అది చివరికి కవరులోనే ఇంటికి వెళ్ళింది.

మరుసటి ఆదివారం ఎప్పటిలాగే బొటనవేళ్ళ తనిఖీ జరిగింది. మాస్టారు సన్యాసిరావు వేలు నొక్కి, "ఇదేటి, అరిసె పాకంలాగ మెత్తగైపోనాది? నాను టీకెళ్ళినప్పుడు మేకు కాడ తచ్చాడిందెవుడో నాకు తెల్దనుకున్నావేటి?" అన్నారు. అందరూ గొల్లున నవ్వారు. ఎక్కువ నవ్వినవాళ్ళ వేళ్ళూ మెత్తగానే ఉన్నాయి.

వరస అయిపోయాక మాస్టారు తానే వెళ్ళి చివర నిలబడ్డారు. కుడిచెయ్యి ముందుకు చాపారు. వంకర తిరిగిన వేలు, అరచేతిలో నేను.

"ఇప్పుడు నాది సూడమ్మా డాక్టరమ్మా."

హైమ ఆ వేలును రెండు చేతులతో పట్టుకుని మెల్లిగా నొక్కింది. "నొప్పిగా ఉందా మాస్టారూ?"

"ఉన్నాది" అన్నారు మాస్టారు. ఆ గోడల మధ్య అంతవరకు ఆ మాట ఎవరి నోటి వెంటా నేను వినలేదు. "శానా నొప్పిగున్నాది." ఆ తర్వాత నన్ను చూసి ఆయన నవ్వారు. "గురువుకి దచ్చినగా బొటనేలిచ్చిన కత సిన్నప్పుడు ఇన్నాను తల్లీ. ఆ గురువు దాన్నేటి సేసుకున్నాడో ఎవులూ సెప్పనేదు. నాకైతే పనికొచ్చింది."

ఇప్పుడు నేను ఆయన చొక్కా జేబులోనే ఉంటాను. ఎవరైనా అడిగితే వెంటనే తీసి ఇస్తారు, పని కాగానే అడిగి మరీ వెనక్కి తీసుకుంటారు. మేకు ఇంకా గోడకే ఉంది. దానికి మాస్టారు తన టోపీ తగిలించుకుంటున్నారు.