ఎండలో పెట్టిన బిడ్డ

హనుమక్క ఇంటి పురిటి గదిలోకి పోవాలంటే ముందు గడప దగ్గర కాసేపు నిలబడి కళ్ళను చీకటికి అలవాటు చేసుకోవాలి. కిటికీకి గోనెపట్టా, తలుపుకు దుప్పటి, మూలన సాంబ్రాణి పొగ. బాలింతకు గాలి తగలకూడదు, బిడ్డకు వెలుతురు తగలకూడదు. మడకశిర పక్కన ఉన్న మా చిన్న ఆసుపత్రిలో నర్సుగా చేరిన కొత్తలో ఇంటింటికీ పోయి ఆ గోనెపట్టాలు పీకి పారేసి తిట్లు తినేదాన్ని. రానురాను తిట్లు తినే ఓపిక తగ్గి, తిట్టే ఓపిక పెరిగింది.

అది అరవై ఒకటో సంవత్సరం. హనుమక్క కూతురు తిప్పమ్మకు ఎనిమిదో నెలలోనే కాన్పు అయిపోయింది. తొలి కాన్పు, ఆడపిల్ల. నేను పోయేసరికి బిడ్డ పుట్టి మూడు రోజులు దాటింది.

"ఎట్లుండాది బిడ్డ?" అన్నాను.

"బంగారం నర్సమ్మా! ఏడుపే లేదు. నిద్రపోతానే ఉంటాది," అంది హనుమక్క మురిసిపోతూ. మంచం మీద నుంచి తిప్పమ్మ మాత్రం, "పాలు తాగడంల్యా అక్కా. నిన్నటిదాకా చీకతా ఉండె. ఈ పొద్దు నోట్లో పెట్టినా చీకడంల్యా," అంది.

ఏడవని పసిబిడ్డ అంటే నాకు చచ్చేంత భయం. బిడ్డను ఎత్తుకున్నాను. పిడికెడు ప్రాణం. ఒళ్ళంతా ఆముదం, పసుపు. ఆ ఇంట్లో తల్లికీ పసుపే, గడపకూ పసుపే. ముక్కుకు వేరే వాసన తెలియదు. తడిగుడ్డతో బిడ్డ నుదురూ రొమ్మూ బాగా తుడిచి, హనుమక్క వద్దు వద్దంటున్నా వినకుండా వసారాలోకి తెచ్చాను. రొమ్ము మీద వేలితో నొక్కి తీస్తే ఆ చోట చర్మం తెల్లబడాలి. పచ్చగా తేలింది. అరికాళ్ళు కూడా పచ్చగానే ఉన్నాయి. హనుమక్క అరికాళ్ళకు పసుపు పూయదు.

"పసుపు కింద ఇంకో పసుపు ఉండాది కదమ్మా! కామెర్లు! చీకట్లో పడుకోబెట్టి, పైన పసుపు పూసి, బంగారం అంటాండావా?" అని అరిచాను. వెంటనే డాక్టరుకు కబురు పంపాను.

మా డాక్టరు రామాంజులు మద్రాసులో చదివి వచ్చిన కుర్రాడు. ఇంగ్లీషు వైద్య పత్రికలంటే పిచ్చి. అవి ఓడలెక్కి వచ్చి, పోస్టులో నలిగి, పాతబడ్డాక మా ఊరు చేరేవి. అన్నం తింటూ కూడా వాటినే చదివేవాడు. సైకిలు మీద చెమటలు కక్కుకుంటూ వచ్చి, బిడ్డ ఒళ్ళు వేలితో నొక్కి నొక్కి చూశాడు. తిప్పమ్మ మొగుడు లింగన్న గొర్రెల మందను తమ్ముడికి వదిలేసి వచ్చి వాకిట్లో నిలబడి ఉన్నాడు. డాక్టరు అతనితో దాచకుండా చెప్పాడు.

"నెలలు నిండని బిడ్డకు రక్తంలో ఈ పసుపు పేరుకుంటుందప్పా. మెదడుకు ఎక్కిందంటే బిడ్డ వెనక్కి విల్లులా వంగిపోతుంది. బతికినా చెవులు వినపడవు, మెడ నిలవదు. పెద్ద పట్నాల్లో రక్తం మారుస్తారు. కానీ బస్సులో అంత దూరం ఈ బిడ్డ తట్టుకోదు."

"మరి ఏం చేద్దాం?"

"ఎండలో పెడదాం."

లింగన్న నా వైపు చూశాడు. నేను డాక్టరు వైపు చూశాను. ఆయనకే ఎండదెబ్బ తగిలిందేమో అనుకున్నాను.

ఇంగ్లండులో ఒక ఆసుపత్రిలో నర్సమ్మ బిడ్డల్ని ఎండలోకి తీసుకుపోతుంటే, ఎండ పడినచోట పసుపు విరిగిందంట. గుడ్డ కప్పినచోట అట్లాగే ఉండిపోయిందంట. ఆ తర్వాత అక్కడి డాక్టర్లు దీపాల వెలుతురు పెట్టి చూసినా తగ్గిందంట. పత్రికలో రాశారని చెప్పాడు.

"సార్, వాళ్ళకు ఎండ కాస్తే పండగ," అన్నాను. "మన ఎండకు గొర్రెలే ఒకదాని పొట్ట కింద ఒకటి తల దూర్చుకుంటాయి. ఇంత బిడ్డను పెడితే వేగిపోతాది."

"తెలుసు. పొద్దున లేత ఎండ, సాయంత్రం వాలుటెండ. నడిమధ్యాహ్నం చూరు కింద, నీడలోనే, వెలుతురు మాత్రం ఒంటికి తగిలేట్టు. కళ్ళకు గుడ్డ కడదాం. ఒళ్ళు వేడెక్కితే లోపలికి. పాలు పిండి ఉగ్గుగిన్నెతో చుక్క చుక్క పోస్తూనే ఉండాలి." కాస్త ఆగి మెల్లగా అన్నాడు. "ఇంతకు మించి నాకూ తెలీదు. నాకూ భయంగానే ఉంది."

ఆ చివరి మాట చెప్పకుండా ఉండాల్సింది. లింగన్న దాన్ని అందిపుచ్చుకున్నాడు.

"భయమైతే ఎందుకు సామీ? గుట్టవతల తాత కామెర్లకు వాతలు పెడతాడు. నాకూ పెట్టినాడు. సచ్చిపోయినానా?" చొక్కా ఎత్తి కడుపు మీది మచ్చలు చూపించాడు. నాలుగు మచ్చలు, ఒక్కొక్కటి వేలెడంత. ఆ బిడ్డ కడుపే నా అరచేయంత లేదు. ఎర్రగా కాల్చిన ఇనుము పెట్టడానికి దాని మీద చోటెక్కడ?

డాక్టరు అతని రెండు చేతులూ పట్టుకున్నాడు. బతిమాలగా బతిమాలగా లింగన్న ఒక మాట ఇచ్చాడు. "రేపు పొద్దు గూకేలోపల పసుపు దిగల్ల. దిగలేదో, నా బిడ్డను నేను ఎత్తుకోని పోతా. ఎవరూ అడ్డం రాగూడదు."

ఆ సాయంత్రమే గోనెపట్టా పీకేశాను. చాపమీద గుడ్డ పరిచి బిడ్డను ఒంటిమీద నూలుపోగు లేకుండా పడుకోబెట్టాం. నూనె వద్దు, పసుపు వద్దు, ఏదీ పూయొద్దని హనుమక్కకు గట్టిగా చెప్పాను. పసుపు పూయని పసిబిడ్డను బయటేస్తే గాలి సోకుతుందని ఆమె గొణిగింది. నేను కళ్ళు పెద్దవి చేసేసరికి తల ఊపింది. గోడ మీద నుంచి అమ్మలక్కలు తొంగి చూసి, "ఏమక్కా, వడియాలు ఎండబెట్టినట్టు బిడ్డను ఎండబెట్టినారే?" అని నవ్వుతుంటే, చేటతో కొట్టినంత పని చేశాను.

మర్నాడు తెల్లారగానే మళ్ళీ పెట్టాం. నేను పక్కనే కూర్చుని నిమిషానికోసారి వీపు తడిమి చూస్తున్నాను. తిప్పమ్మ గిన్నెతో పోసిన పాలు సగం కారిపోయాయి. బిడ్డ మింగిందో లేదో తెలియదు. మధ్యాహ్నానికి ఆసుపత్రి నుంచి ఇంకో కాన్పుకు పిలుపు వచ్చింది. పోక తప్పలేదు. బిడ్డను చూరు కిందికి జరిపి, తల్లీకూతుళ్ళకు అప్పజెప్పి పోయాను.

తిరిగి వచ్చేసరికి పొద్దు వాలుతోంది. డాక్టరు నాకంటే ముందే వచ్చి బిడ్డ పక్కన గొంతుకూర్చుని ఉన్నాడు. తల ఎత్తలేదు. నేనూ వంగి బిడ్డను చూశాను. నుదురు, రొమ్ము, కడుపు, తొడలు, నిన్నటి కంటే ముదురు పసుపు. డాక్టరు వేలితో నొక్కాడు. ఇంకోచోట నొక్కాడు. నొక్కిన చోటల్లా పచ్చనే.

"ఎక్కువైంది," అన్నాడు నాకు మాత్రమే వినపడేట్టు. బిడ్డ కళ్ళు తెరిచి చూద్దామంటే రెప్పలు వాచి ఉన్నాయి. "ఆపేద్దాం నర్సమ్మా. నేను చదివింది ఈ బిడ్డకు పని చేయలేదు."

వయసులో చిన్నవాడు, మనసు విరిగిపోయిందని మొహంలోనే తెలుస్తోంది. కానీ అప్పుడు నాకు ఆయన మీద జాలి కలగలేదు. ఒళ్ళు మండింది. ఎవరి మీదో చెప్పలేను. పత్రికల మీదా, ఎండ మీదా, అందరి మీదా.

లింగన్న గొంగడి దులిపి చేతిలో పట్టుకుని వచ్చాడు. "మీ మాట విన్నా. ఇప్పుడు నా మాట వినండి. ఇయ్యండి బిడ్డను."

మాటంటే మాటే కదా. వంగి బిడ్డను ఎత్తి భుజానికి ఆనించుకున్నాను. నా చెమటకు బిడ్డ ఒళ్ళు జిడ్డుగా తగిలింది. ఈ ఒక్కసారి ఎత్తుకోవడమే ఆఖరేమో అనిపించి ఇవ్వడానికి చేతులు రాలేదు. లింగన్న గొంగడి చాపాడు. బిడ్డను భుజం మీద నుంచి దించాను.

నా తెల్లచీర భుజం మీద పసుపు మరక ఉంది.

దాన్ని చూస్తూ నిలబడిపోయాను. కామెర్లు ఒంట్లో ఉంటాయి. గుడ్డకు అంటవు.

"ఎవరు పూసినారు?" అన్నాను. "ఈ బిడ్డకు పసుపు పూసింది ఎవరు?"

తిప్పమ్మ నోరు తెరుచుకుని తల్లివైపు చూసింది. హనుమక్క స్తంభాన్ని పట్టుకుంది.

"పలచగానే పూసినా నర్సమ్మా. తిప్పమ్మ కునుకు తీస్తాంటే పూసి, తుడిచేసినా కూడా. బిడ్డను బోసిగా ఎండకు వేసేసినారు. ఏమన్నా సోకితే ఎవురు దిక్కు? ఆమాత్రం పసుపన్నా ఒంటిమీద ఉండనీలే అనుకున్యా."

"నువ్వు పూసిన పసుపుకు నా బిడ్డకు వాతలు పెట్టిచ్చేవాణ్ణి గదా అత్తా!" లింగన్న కేకకు వీధిలో కుక్కలు మొరిగాయి.

డాక్టరు ఒక్క గెంతున లేచాడు. వేన్నీళ్ళు, సబ్బు, మెత్తని గుడ్డ. కడిగినా పసుపు పూర్తిగా పోతుందా? ఆయన ఒంటిని వదిలేసి అరికాళ్ళు పట్టుకుని వాలుటెండ వైపు తిప్పాడు. నిన్న పచ్చగా ఉన్న అరికాళ్ళు లేత ఎరుపుగా ఉన్నాయి. నేను గట్టిగా ఊపిరి పీల్చాను.

"నమ్మొద్దు, ఉండు," అన్నాడు. తనకు తానే చెప్పుకున్నట్టు. "చిగుళ్ళు చూడాలి. అక్కడ ఎవరూ ఏమీ పూయలేదు."

చిటికెన వేలు సబ్బుతో కడుక్కుని బిడ్డ నోట్లో పెట్టి చిగురు మీద నొక్కబోయాడు. నొక్కలేదు. వేలు అట్లాగే ఉంచి కదలకుండా ఉండిపోయాడు. ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"ఏమైంది సార్?"

"చీకుతాంది," అన్నాడు. ఎప్పుడూ పుస్తకంలో మాటల్లా మాట్లాడే మనిషి, మా మాటలో అన్నాడు. "నా వేలు చీకుతాంది నర్సమ్మా."

తిప్పమ్మ గబగబా బిడ్డను లాక్కుని రొమ్ముకు పెట్టుకుంది. అందరం ఆ బుగ్గల వైపే చూస్తున్నాం. కాసేపు ఏమీ లేదు. తర్వాత బుగ్గ లోపలికి పోయింది, బయటికి వచ్చింది, మళ్ళీ పోయింది. మింగిన చప్పుడు వినపడింది. లింగన్న గొంగడి కింద పడేసి, గోడవైపు తిరిగి నిలబడ్డాడు. ఇంకా కొన్నాళ్ళు ఎండలో పెడుతూనే ఉండాలనీ, గండం పూర్తిగా గడవలేదనీ డాక్టరు ఆ వీపుకే చెప్పాడు. వీపు సరేనన్నట్టు ఊగింది.

హనుమక్కకు తిట్లు పోగు చేసుకుని వెనక్కి తిరిగాను. ఆమె ఇంకా ఆ స్తంభం దగ్గరే ఉంది.

"నర్సమ్మా, ఒక మాట అడుగుతా. దబాయించొద్దు," అంది. "తిప్పమ్మకు ముందు నాకొక మగబిడ్డ. వాడూ నెల తక్కువోడే. వాడూ ఏడిసేవాడు కాదు, పాలు చీకలేదు. అప్పుడు గూడా రోజూ నిండా పసుపు పూసి, చీకట్లోనే పెట్టుకున్యా. వాడికీ లోపల ఇట్లనే ఉన్నిందా?"

డాక్టరు ఏదో చెప్పబోయాడు. నేను ఆయన చెయ్యి పట్టుకుని ఆపాను. తిట్లన్నీ ఎక్కడికి పోయాయో ఒక్కటీ నోటికి రాలేదు.

"తెలీదమ్మా," అన్నాను. "ఆ కాలంలో ఈ సంగతి ఎవరికీ తెలీదు. డాక్టర్లకే తెలీదు."

ఆమె తల ఊపింది. నమ్మిందని నేను అనుకోను. బిడ్డ పాలు తాగి, పుట్టిన తర్వాత తొలిసారి గొంతెత్తి ఏడ్చింది. తిప్పమ్మ, "అమ్మా, కాసేపు పట్టుకో," అని బిడ్డను చాపింది. హనుమక్క చాపబోయిన చేతులు వెనక్కి తీసుకుంది. గోళ్ళ దాకా పసుపు పట్టి ఉన్నాయి. ఆ చేతుల్ని చీర కుచ్చిళ్ళకేసి రుద్దింది, మళ్ళీ రుద్దింది.

"నాకొద్దు. నర్సమ్మనే పట్టుకోమను," అంది.

నేను బిడ్డను తీసుకుని ఆమె ముందు చతికిలబడి, బలవంతంగా ఆమె ఒళ్ళో పెట్టాను. బిడ్డ ఏడుస్తూనే ఉంది. ఆమె చేతులు రెండు పక్కలా గాలిలోనే ఉన్నాయి, ముట్టుకోవడానికి భయపడుతూ. నేనే వాటిని పట్టుకుని బిడ్డ వీపు కిందికి చేర్చాను.