అనుమతించు

"సార్, మీ స్క్రీన్ మీద చిన్న పెట్టె వచ్చింది కదా, అందులో ‘అనుమతించు’ అని ఉంటుంది, అది నొక్కండి." గిన్నెలు తోముతూ, చెవికి హెడ్‌సెట్ తగిలించుకుని, ఈ మాట రోజుకెన్నిసార్లు అంటానో నాకే తెలియదు. ముక్కూమొహం తెలియని ఆ మనిషి నొక్కితేనే ఆయన ఆఫీసు కంప్యూటర్ నా లాప్‌టాప్‌లో కనబడుతుంది. ఆ తర్వాత కూడా "సెట్టింగులు తెరవనా సార్?" అని అడిగే ముట్టుకుంటాను. ఇంట్లోంచే కంప్యూటర్లు బాగుచేసే మా పనిలో పద్ధతి అది.

ఈ పొద్దున అకౌంట్స్ సెక్షన్ పెద్దాయన "మగవాళ్ళెవరైనా ఉంటే ఇవ్వమ్మా" అన్నాడు. "లేరు సార్, మీకు నేనే గతి" అన్నాను. మొరాయించిన ఆయన ప్రింటర్ కదిలాక "పర్లేదే, నీకూ వచ్చే!" అని మెచ్చుకున్నాడు. ఒళ్ళు మండింది. థాంక్యూ సార్ అన్నాను. పక్కగదిలోంచి అత్తయ్య ఫోన్లో ఎవరికో చెబుతోంది, "కోడలు ఇంట్లో ఖాళీయే, కంప్యూటర్ చూసుకుంటూ కూర్చుంటుంది" అని.

అయినా నా మనసు అక్కడ లేదు. టీమ్ లీడర్‌గా తీసుకుంటాం, రోజూ ఆఫీసుకు రావాలి, రేపు సాయంత్రంలోగా చెప్పు అని నిన్న మా మేడమ్ మెయిల్ పెట్టింది. పొద్దుటినుంచి కాలుగాలిన పిల్లిలా తిరుగుతున్నాను. రాత్రి మా ఆయనతో చెబితే నవ్వాడు. "నువ్వు అక్కడ లీడరైతే ఇక్కడెవరు చూస్తారు? నీకెందుకా తలనొప్పి?" ఏ ఊళ్ళో కాపురం పెట్టాలి, నా మొదటి ఉద్యోగం ఎప్పుడు మానాలి, రెండో బిడ్డ కావాలా అక్కర్లేదా, అన్నిటికీ ఆయన మాట ఒకటే: "నిన్నడిగేదేముంది, నువ్వూ నేనూ వేరా?" వేరు కాదనుకునే ఇన్నేళ్ళూ ఊరుకున్నాను. ఊరుకుని ఊరుకుని నాకేం కావాలో నేనే మర్చిపోయానేమోనని భయమేస్తోంది. ఈ పోస్టు మాత్రం కావాలి. కడుపులోంచి కావాలి.

చేతులు తుడుచుకుంటూ వచ్చేసరికి లాప్‌టాప్‌లో బాణం గుర్తు దానంతటదే కదులుతోంది.

ఇంకొకరైతే దెయ్యమనుకునేవారు. నాకు క్షణంలో అర్థమైంది. అత్తయ్య కాలు విరిగి నేను ఆసుపత్రిలో ఉన్నప్పుడు, ఇంటి కాగితాలు కావాలంటే, ఆయన తన ఆఫీసునుంచి నన్నడక్కుండానే ఈ లాప్‌టాప్ లోపలికొచ్చేలా నేనే దారి తెరిచి పెట్టాను. మూయడం మర్చిపోయాను. ఊరందరి కంప్యూటర్లకూ జాగ్రత్తలు చెప్పే దాన్ని!

మేడమ్ మెయిల్ కింద, నా పేరుతో, అక్షరాలు పడుతున్నాయి. ‘క్షమించండి మేడమ్, కుటుంబ బాధ్యతల వల్ల రాలేను. ఇది నేను బాగా ఆలోచించి తీసుకున్న నిర్ణయం.’ చివర నేను ఎప్పుడూ పెట్టే నవ్వు బొమ్మ కూడా పెట్టాడు. బాణం ‘పంపు’ వైపు జరిగింది.

గబుక్కున మౌస్ పట్టుకుని అవతలికి లాగాను. అటునుంచి ఆయన లాగాడు, ఇటునుంచి నేను. ఒక్కసారిగా ఆగిపోయింది. వెంటనే ఫోన్ మోగింది.

"అమ్మ దగ్గరున్నావనుకున్నా" అన్నాడు.

"ఏంటండీ ఇది?"

"నీకు మొహమాటం కదా, కాదని చెప్పలేవని నేనే రాసేస్తున్నా. నీ మంచికే."

"నన్నడగాలి కదా?"

"మొగుడూపెళ్ళాల మధ్య అడగడాలేంటే? ఆఫీసా ఇది?"

ఫోన్ బల్లమీద పెట్టి, ఆయనకు నేను తెరిచి ఉంచిన దారి ముందు మూసేశాను. ఆయన రాసిందంతా చెరిపాను, నవ్వు బొమ్మతో సహా. ‘వస్తాను మేడమ్. సోమవారం నుంచే’ అని రాసి పంపాను.

"ఏమైంది? తెరుచుకోవట్లేదేంటి?" ఫోన్లో ఆయన గొంతు. ఏవేవో మీటలు నొక్కుతున్న చప్పుడు.

నా స్క్రీన్ మీద చిన్న పెట్టె ఒకటి వచ్చింది. ఆయన పేరు, దాని కింద ‘మీ కంప్యూటర్ వాడుకోవడానికి అనుమతి కోరుతున్నారు’ అని. పెళ్ళయ్యాక ఆయన నన్ను ఒక మాట అడగడం అదే మొదటిసారి.

‘నిరాకరించు’ నొక్కాను.