ఇంకా రాని లెన్స్

సాయంత్రం కాగానే టైలరు మిషన్ మీద గుడ్డ కప్పి, కత్తెర సొరుగులో పడేసి, భార్య కెమెరా సంచీ భుజాన వేసుకునేవాడు. ఆవిడ ముందు, ఆయన వెనక. వీధి చివర బేకరీ పక్కన ఇరుకు మెట్లెక్కితే కెమెరాలు బాగుచేసే షాపు. అక్కడ చేరేవాళ్ళకి ఫోటోల పిచ్చి తప్ప వేరే చుట్టరికం లేదు. అయినా వరసలు మాత్రం కలిపేసుకున్నారు. టైలరు భార్య పళ్ళాసుపత్రిలో నర్సుగా చేసింది కాబట్టి ఆవిడ అందరికీ సిస్టరు. సిస్టరు మొగుడు కాబట్టి ఆయన అందరికీ బావగారు.

బావగారికి కెమెరాల గురించి ఓనమాలు తెలియవు. అసలే మాట తక్కువ మనిషి. కొలతలు తీసుకునేటప్పుడు కూడా "చెయ్యెత్తండి", "తిరగండి" తప్ప మూడో మాట ఉండేది కాదు. "బావగారి నోట్లో ఇరవై నాలుగ్గంటలూ గుండుసూదులే ఉంటాయి" అని ప్లీడరు ఎగతాళి చేసేవాడు. టైలరు నవ్వి మూల స్టూలు మీద కూర్చునేవాడు.

ఆ రోజుల్లో షాపులో ఒకటే చర్చ. దూరాన్నుంచి పిట్టల్ని తియ్యడానికి కంపెనీవాళ్ళు కొత్త లెన్స్ తెస్తున్నారట.

"ఖాయమండీ. కంపెనీలో పనిచేసేవాడి బావమరిది స్వయంగా చెప్పాడు" అన్నాడు ప్లీడరు.

"పోయినసారి కూడా ఆ బావమరిదే చెప్పాడు. ఆ లెన్స్ ఇంతవరకూ పుట్టనే లేదు" అన్నాడు పశువుల డాక్టరు.

"పుట్టకపోవడం ఏమిటి? అరలోకి వచ్చిందిగా!"

అదీ నిజమే. షాపాయన దగ్గర ఒక అద్దాల బీరువా ఉంది. గాజుకి బూజు పట్టకుండా లోపల ఎప్పుడూ చిన్న బల్బు వెలుగుతుంటుంది. ఏదైనా లెన్స్ రాబోతోందని నలుగురూ మాట్లాడుకోవడం మొదలుపెడితే, పై అరలో ముందు పొగమరకలాంటిది కనిపించేది. కబుర్లు ముదిరేకొద్దీ ఓ రింగు, ఓ గాజు, ఓ మీట వచ్చి చేరేవి. షాపాయన రోజూ దాన్ని మెత్తటి గుడ్డతో తుడిచేవాడు. షాపు దాటనిచ్చేవాడు కాదు గానీ, కావాలంటే అక్కడే కెమెరాకి తగిలించి చూసుకోవచ్చు, పనిచేసేది. కంపెనీవాళ్ళు అసలుదాన్ని ప్రకటించాక దీని గురించి మాట్లాడేవాళ్ళుండరు కదా, పలచబడి మాయమైపోయేది. అర ఖాళీ అయింది గదా అని షాపాయన అక్కడ ఫ్లాష్ లైట్లు సర్దుకునేవాడు.

ఈసారి మాత్రం ఆ బీరువా వైపు సిస్టరు చూసే చూపు వేరు. కిందటేడు ఆవిడ చేతులు వణకడం మొదలైంది. మొదట టీ గ్లాసు చప్పుడు చేసింది. తర్వాత రోగి నోట్లో పెట్టాల్సిన దూది చెంపకి తగిలింది. ఎవరూ పొమ్మనకముందే ఆవిడే ఉద్యోగం మానేసింది. "మందులు దీన్ని నెమ్మదిగా నడిపిస్తాయమ్మా, ఆపలేవు" అన్నాడు నరాల డాక్టరు. ఇక మిగిలింది కెమెరా ఒక్కటే. ఊరికి నీళ్ళిచ్చే చెరువుగట్టున పొద్దున్నే లకుముకి పిట్ట కోసం కాపు కాసేది. తీసిన ప్రతి ఫోటోలోనూ పిట్ట నీలం మరకలాగా సాగిపోయి ఉండేది.

టైలరు చేతనైనదల్లా చేశాడు. భుజానికి మెత్త పట్టీ కుట్టాడు. కెమెరా కింద పెట్టుకోడానికి ఇసక నింపిన దిండు కుట్టాడు. ఏం లాభం? దిండు ఉన్న చోటికి పిట్ట రాదు, పిట్ట ఉన్న చోట దిండు నిలవదు. రెప్పపాటులో సూదికి దారం ఎక్కించే చేతులాయనవి. ఆ నిలకడలో చిటికెడు తీసి ఆవిడకి ఇవ్వలేకపోయాడు.

రాబోయే లెన్స్ అరచేతిలో ఇమిడేంత తేలికట. చెయ్యి ఎంత ఊగినా బొమ్మ చెదరదట. మొదట్లో కబురు అదీ. కానీ పశువుల డాక్టరుకి మసక వెలుతురులో అడవి పిల్లుల్ని తియ్యాలని కోరిక. "ముందు గాజు పెద్దదిగా ఉంటుందంటున్నారు" అనేవాడు. ఆయన అన్నప్పుడల్లా అరలోని లెన్స్ గుమ్మడికాయలా ఊరేది.

ఒక సాయంత్రం సిస్టరు ఉండబట్టలేకపోయింది. "డాక్టరుగారూ, మీకు దణ్ణం పెడతాను. దాన్నంత లావు చెయ్యకండి. నేనెత్తలేను."

డాక్టరు తన చెప్పుల వైపు చూసుకున్నాడు. తర్వాత ఆయనే, "అది పాత కబురులే అమ్మా. ప్లాస్టిక్కుతో చేస్తున్నారట, దూదిపింజలా ఉంటుందట" అన్నాడు. ఆ పూట అందరూ తేలికదనం గురించే మాట్లాడారు. లెన్స్ చిక్కి సగమైంది. సిస్టరు తిరుగుదారిలో కూనిరాగం తీసింది. టైలరు ఆ రాగం విని చాలా రోజులైంది.

ఇలా వర్షాలు వచ్చి వెళ్ళాయి. ఓ సాయంత్రం ప్లీడరు ఫోన్ పట్టుకుని మెట్లెక్కి వచ్చాడు. ముఖం ఓడిన కేసులా ఉంది.

"ప్రకటించేశారు" అన్నాడు.

ఫోన్ చేతులు మారింది. అసలు లెన్స్ రోకలంత ఉంది. స్టాండు లేకుండా వాడొద్దని కంపెనీవాళ్ళే రాశారు. ఎవరూ సిస్టరు వైపు చూడలేదు. చూడలేకపోయారు. కాసేపటికి ఎవరో, మాట మార్చడానికే కావచ్చు, "వచ్చే ఏడాది వైడ్ యాంగిల్ తెస్తారట" అన్నారు. "అవునట, అవునట" అని మిగతావాళ్ళు ఆ మాట పట్టుకున్నారు. కింది అరలో చిన్న పొగమరక లేచింది. పై అరలో లెన్స్ అంచులు పలచబడ్డాయి.

టైలరు చూస్తూనే ఉన్నాడు. ఏదో ఒకటి అనాలి, ఎవరినైనా ఆపాలి అనిపించింది. సిస్టరు సంచీ జిప్ వెయ్యబోతే అది గాడిలో పడటం లేదు. ఆయన వంగి జిప్ వేశాడు. అంతే చెయ్యగలిగాడు.

వెళ్ళేముందు షాపాయన బీరువా తెరిచి లెన్స్ తీసి ఆయన చేతిలో పెట్టాడు. "తీసుకెళ్ళండి బావగారూ. తెల్లారేదాకా ఉంటే మీ అదృష్టం."

తెల్లారేసరికి ఉంది. కానీ అందులోంచి అవతల పట్టుకున్న వేళ్ళు కనిపిస్తున్నాయి. చెరువుగట్టు మీద టైలరే దాన్ని కెమెరాకి తగిలించి ఇచ్చాడు. లకుముకి వంగిన తుమ్మకొమ్మ మీద కూర్చునుంది. సిస్టరు కన్ను ఆనించింది. చేతులు వణుకుతూనే ఉన్నాయి.

"కరిగిపోతోందండీ" అంది. ఏడుపు లేదు గొంతులో. ఉన్న సంగతి చెప్పింది.

టైలరు నోరు తెరిచాడు. "అది... తేలిగ్గా ఉంటుందట."

లెన్స్ అంచు కాస్త గట్టిపడింది.

"ఎంత తేలిక?" కన్ను తియ్యకుండానే అడిగింది సిస్టరు.

"జాకెట్టు ముక్కంత."

"ఎవరు చెప్పారు?"

"కంపెనీలో పనిచేసేవాడి బావమరిది."

ఆవిడ నవ్వింది. ఆ నవ్వుకి కెమెరా మరింత ఊగింది. ఆయనకి ధైర్యం వచ్చింది. "నీ చెయ్యి వణకదట" అన్నాడు. చెయ్యి వణికింది. "నీ జబ్బు నయమైపోతుందట" అన్నాడు గట్టిగా. లెన్స్ తటాలున పలచబడి, దానిలోంచి నీళ్ళు కనిపించాయి.

"లెన్స్ గురించి చెప్పండి" అంది సిస్టరు మెల్లగా.

ఆయన తనకి తెలిసిన భాషలోకే దిగాడు. లోపల గాజుని వదులు కుట్టుతో వేలాడదీశారట. నువ్వు అటు ఊగితే అది ఇటు లాగుతుందట. అంచులు పీకో చేశారట, పోగు ఊడదట. ఉతికినా ముడుచుకోదట. నోటికొచ్చింది చెప్పుకుంటూ పోయాడు. లెన్స్ నల్లగా, నిండుగా, ఇంతకుముందు ఏ బీరువాలోనూ లేనట్టుగా తయారైంది. పిట్ట కొమ్మ వదిలింది. కెమెరా చప్పుడు చేసింది.

ఫోటోలో పిట్ట ముక్కు నీటిని అప్పుడే తాకింది. నీటికి ఆ సంగతి ఇంకా తెలియదు. ఈక ఈకా లెక్కపెట్టచ్చు.

టైలరు ఊపిరి తీసుకోడానికి ఆగాడు. గొంతు అప్పుడే ఎండిపోయింది. ఇక చాలునా అన్నట్టు భార్య వైపు చూశాడు. పెళ్ళయిన నాటి నుంచీ ఆ పొద్దుటిదాకా ఆయన్ని నోరు తెరిచి ఏదీ అడగని మనిషి ఆవిడ.

"ఆపకండి" అంది.

అప్పటినుంచీ ఆయన ఆపలేదు. మిషన్ తొక్కుతూ చెబుతాడు. కొలతలు తీస్తూ చెబుతాడు. రవికె కుట్టించుకోడానికి వచ్చినవాళ్ళు చెయ్యెత్తి నిలబడి లెన్స్ కబుర్లు విని వెళ్తారు. సిస్టరు తీసిన పిట్టల్ని పళ్ళాసుపత్రివాళ్ళు అడిగి మరీ గోడలకి తగిలించుకున్నారు. ప్లీడరూ డాక్టరూ వచ్చి చూసి, మెచ్చుకుని, వైడ్ యాంగిల్ దగ్గరికి వెళ్ళిపోతారు.

జబ్బు మాత్రం దాని దారిన అది నడుస్తోంది. ఇప్పుడు సిస్టరుకి అన్నం ఆయనే తినిపిస్తాడు, గుండీలు ఆయనే పెడతాడు. వాటికి మాటలు పనిచెయ్యవు. గొంతుకి విశ్రాంతి ఇవ్వకపోతే అసలుకే మోసం వస్తుందని ఆయన్నీ డాక్టర్లు హెచ్చరించారు. చెప్పాల్సినవన్నీ ఎప్పుడో అయిపోయాయి. ఏమీ తోచనప్పుడల్లా "ఇంకా తేలికైందట" అనడమే. అలా అని అని ఆ లెన్స్ ఊదితే ఎగిరిపోయేట్టు తయారైంది.

పొద్దున్నే చెరువుగట్టు మీద, రెండు చేతులూ ఊగిపోతుండగా, సిస్టరు కెమెరాకి కన్ను ఆనిస్తుంది.

"చెప్పండి" అంటుంది.

ఏం చెప్పాలో తెలియకుండానే ఆయన నోరు తెరుస్తాడు.