పైనున్న యాంప్లిఫయరు

జడ్సన్ కోవూరు బజారులో ముప్పై ఏళ్లు రేడియోలు బాగుచేశాడు. ఎవరింట్లో సెట్టు మూగబోయినా నోరు తెరిపించాడు. సొంత భార్య చెవుల దగ్గరికొచ్చేసరికి మాత్రం అతని పనితనం సాగలేదు.

ఎవాంజెలిన్‌కు సన్న శబ్దాలు వినబడటం లేదని నెల్లూరు డాక్టరు తేల్చాడు. చెవి మిషన్ పెట్టుకోమంటే, "చెవిలో బఠాణీ గింజ దోపుకోని క్వయరు ముందర నిలబడమంటారా?" అని కస్సుమంది. ఇరవై ఏళ్లుగా చర్చిలో పాట ఎత్తుకునేది ఆమే. ఆ చోటు పోతుందేమోనని ఆమె భయం.

అందుకని జడ్సన్ ఇంట్లో స్పీకర్ల మీద పడ్డాడు. ఒక్కో పెట్టెలో పెద్ద స్పీకరు గంభీరమైన శబ్దానికి, చిన్నది సన్న శబ్దానికి. మామూలుగా రెండింటికీ ఒకటే యాంప్లిఫయరు. అతను పెట్టెల వెనక రెంటినీ కలిపే ఇత్తడి పట్టీలు ఊడదీసి, చిన్నవాటికి విడిగా ఇంకో యాంప్లిఫయరు తగిలించి, పాతదాని పైన పెట్టాడు. ఇక సన్న శబ్దాన్ని ఎంత కావాలంటే అంత పెంచుకోవచ్చు. పట్టీ ఒక్కటి మిగిలినా యాంప్లిఫయర్లు కాలిపోతాయని రెండుసార్లు తడిమి చూసుకున్నాడు. ఇన్ని చూసుకున్న మనిషి, ఆమె మొదట ఏం వినాలంటుందో మాత్రం ఆలోచించలేదు.

"పోయిన క్రిస్మస్‌కి మేం పాడినాం గదా, అది పెట్టండి," అంది ఎవాంజెలిన్.

జడ్సన్ వైర్లు సర్దుతున్నట్టు నటించాడు. "ఆ పెన్‌డ్రైవ్ యాడ పెట్టినానో ఏందో."

"నా బైబిల్ సంచిలోనే ఉండాది."

పాట మొదలైంది. పైదాని నాబ్ ఆమే తిప్పింది. ముఖం వెలిగిపోయింది. "మా క్వయరు పిల్ల ఫేబీ గొంతు! ప్రతి మాటా తెలస్తా ఉండాది!"

రెండో చరణంలో ఆ నవ్వు ఆగిపోయింది. అందరికన్నా కాస్త వెనకబడి, శ్రుతి తప్పి, గట్టిగా పాడుతున్న గొంతు ఒకటి. ఎవరిదని ఆమె అడగలేదు. జడ్సన్ నాబ్ తగ్గించబోతే చెయ్యి పట్టుకుని ఆపి, పాట చివరిదాకా వింది.

"ఎన్నాళ్లబట్టి?"

"రెండేళ్లు."

"అందరికీ తెలుసా?"

"తెలుసు."

"మీ కొట్టుకొచ్చిన రేడియోకి ఏం రోగమో మొహం మీదే చెప్పేవోళ్లు గదా. నాకెందుకు చెప్పలా?"

ఆమె కళ్లు తుడుచుకుని ఫేబీకి ఫోన్ చేసింది.

"ఆదివారం పాట నువ్వెత్తుకోమ్మా."

"ఏం ఆంటీ, ఒంట్లో బాగలేదా?"

"బాగానే ఉండా. ఇయ్యాల నా పాట నాకు వినబడింది."