తమ్ముడి కారుకు పరాయి ముఖం

ఎదురుగా వచ్చిన లారీ గుద్ది తమ్ముడు పోయాడు. అతని పాత కారు తలుపుల నుంచి వెనక దాకా చెక్కుచెదరలేదు. ముందుభాగం మాత్రం నలిపి పారేసిన కాగితంలా అయింది.

అన్న బాడీ మేస్త్రి. కారును తన షెడ్డుకే లాక్కొచ్చుకున్నాడు. ఎవరి కారు సొట్టపడినా బాగుచేసే ఆ చేతులు దీని దగ్గరికొచ్చేసరికి ఆడలేదు. పట్టా కప్పి, పక్క నుంచి తల తిప్పుకుని నడిచేవాడు.

చివరికి తమ్ముడి భార్య, మరదలే వచ్చింది.

"బావగారూ, దీన్ని తుక్కుకి వెయ్యకండి. నడిచేలా చేసివ్వండి. పనికి నేనే వేసుకెళ్తాను."

"అలాంటి ముందుభాగం ఇప్పుడెక్కడా దొరకదమ్మా."

"ఏది దొరికితే అదే పెట్టండి. ఆ ముఖం మళ్ళీ చూడలేను."

మేస్త్రికి మాత్రం ఆ ముఖమే కావాలి. తుక్కు దుకాణాలన్నీ జల్లెడ పట్టాడు. ఆ గుండ్రటి దీపాలు ఎక్కడా దొరకలేదు. గత్యంతరం లేక పలక దీపాలున్న వేరే కారు ముక్కు తెచ్చాడు. అది నాలుగు వేళ్ళు వెడల్పెక్కువ. నలిగిందంతా తలుపుల దాకా కోసేశాడు. మూల నుంచి మూలకు దారం పట్టి కొలిచి, ఛాసిస్ అతికి, రెండు పక్కలా రేకు కోసి కలిపాడు. బానెట్ సందు సమానంగా కుదిరేదాకా విప్పాడు, బిగించాడు. అతుకు మీద పుట్టీ రాసి రంగు కొట్టాక తోటి పనివాడు భుజం తట్టాడు.

"అన్నా, పుట్టుకతోనే ఇలా ఉందంటే నమ్మేస్తారు."

ఆ మెప్పు మేస్త్రికి ముల్లులా గుచ్చుకుంది.

ఆ సాయంత్రం మరదలు నడుపుతుంటే ఇద్దరూ ఇంటికొచ్చారు. మేస్త్రి తల్లి వాకిట్లో కుర్చీలో ఉంది. ఆవిడకు మతి నిలవక చాలాకాలమైంది. చిన్నకొడుకు పోయాడని చెప్పినప్పుడల్లా కొత్తగా విని గుండెలు బాదుకునేది. చూడలేక చెప్పడం మానేశారు.

ఆవిడ కారును ఎగాదిగా చూసింది. "ఎవరో వచ్చారు, కూర్చోమనండి." మళ్ళీ సందు చివరికేసి చూసింది. "చిన్నోడింకా రాలేదేం?"

మర్నాడు మరదలు వాకిలి ముందే కారు తిప్పుకుని పనికి బయల్దేరింది. దూరమవుతున్న వెనకభాగాన్ని తల్లి గుర్తుపట్టింది.

"అదిగో, చిన్నోడు. మాటైనా చెప్పకుండా వెళ్ళిపోతున్నాడు."

ఇక రోజూ ఇదే వరస. పొద్దున కొడుకు వెళ్ళిపోయేవాడు, సాయంత్రం ఎవరో పరాయివాళ్ళు వచ్చేవారు. ఆవిడ తిండి తగ్గించేసింది. రాత్రి గడియ వెయ్యనిచ్చేది కాదు.

ఒక సాయంత్రం మరదలు సందు మొదట్లోనే కారు తిప్పి, మెడ వెనక్కి మళ్ళించుకుని, సందు పొడుగునా రివర్సులో వచ్చింది. తల్లి ముఖం వికసించింది.

"వచ్చాడు. కంచాలు పెడతాను," అంటూ లోపలికి నడిచింది.

మరదలు దిగలేదు. మేస్త్రి దగ్గరికెళ్ళాడు.

"రోజూ ఇలా మెడ విరుచుకుంటూ వస్తావా అమ్మా?"

"వస్తాను బావగారూ. అత్తయ్య నాలుగు ముద్దలు తింటారు కదా."

లోపల నాలుగు కంచాలు ఒకదాని తర్వాత ఒకటి పెట్టిన చప్పుడైంది.